గేదె మేత, రాణీగారి అత్తరు

పూర్వం గంధగిరి రాజ్యంలో అత్తరు తీసే వాసనగడ్డిని రాజుగారి మనుషులు తప్ప ఎవరూ కోయకూడదు. ఎండాక ఆ గడ్డీ, మామూలు గడ్డీ చూపుకు ఒకేలా ఉంటాయి. మరిగించి ఆవిరి వాసన చూస్తేగానీ ఏది ఏదో తేలదు. అడవిని కాచే అధికారి వీరభూపతి దాన్నే సాకుగా పెట్టుకుని పేదల మేతమోపులు లాక్కునేవాడు.

ఒకనాడు బూదెమ్మ అనే పేదరాలి మోపు లాక్కుని, ఆమెను రాజు ముందు నిలబెట్టాడు. నేరం రుజువైతే ఆమె గేదె కూడా పోతుంది. ఇంటిల్లిపాదికీ దాని పాలే ఆధారం. అయినా బూదెమ్మ తొణకలేదు.

"నిజమే మారాజా, ఇది వాసనగడ్డే. అయ్యగారు తప్పు చెబుతారా? రేపు రాణీగారి పుట్టినరోజుకి ఈ మోపుతోనే అత్తరు తీయించండి. బట్టీ దగ్గర అయ్యగారినే నిలబెట్టండి," అంది.

"భేషైన మాట!" అన్నాడు రాజు.

అది మామూలు గడ్డేనని వీరభూపతికి తెలుసు. ఉడికిన మేత కంపు రాణీగారి ముక్కుకు తగిలితే తన తల మిగలదు.

"ప్రభూ, పొరబడ్డాను. ఇది ఉత్త పశువుల మేత!" అన్నాడు.

"అయితే ఏ పశువు నోటిముందు నుంచి తెచ్చావో దానికే అప్పగించిరా," అన్నాడు రాజు.

ఊరంతా చూస్తుండగా వీరభూపతి మోపు నెత్తికెత్తుకున్నాడు. బూదెమ్మ వెనకాలే నడుస్తూ, "మెల్లగా అయ్యా, పరకలు రాలిపోతున్నాయి," అంది.