దాలమ్మ నోరు విప్పిన రోజు

చెప్పేది నేను, ఊఁ కొట్టేది మీరు. ఊఁ కొట్టడం మానేశారంటే కథ కెరటాల్లోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు.

సముద్రం ఇప్పుడున్న చోటికి ఇంకా రానప్పటి మాట. ఒడ్డు పొడుగునా ఉప్పు మడులుండేవి. మడుల పక్కన తాటాకు ఇళ్ళు. అందులో ఒక ఇంట్లో దాలమ్మ అని ఒక మనిషి ఉండేది. పొద్దు పొడిచేసరికి మడిలో దిగేది. కర్ర పలకతో ఉప్పు లాగేది. గట్టు మీద కుప్ప పోసేది. మొగుడు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆమెకి ఉన్నదల్లా ఒక కూతురు, పోలి అనే నాలుగేళ్ళ గుంట.

దాలమ్మకి మాట తక్కువ. పక్క మడి ఆడవాళ్ళు ఆట పట్టించేవాళ్ళు.

"ఒలే దాలమ్మా, నీ నోట్లో ఉన్నది నాలికేనేటి, నత్తగుల్లేటి?"

దాలమ్మ నవ్వేది. పలక లాక్కుంటూ పోయేది.

ఆ దేశానికి ఒక రాజు. ఆయనకి లేక లేక ఒక కొడుకు పుట్టాడు. ఆ బిడ్డకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. దాహం దాహం అని ఏడిస్తే, చూడలేక రాణి గుక్కెడు నీళ్ళు పట్టింది. మూడో రోజుకి బిడ్డ పోయాడు.

ఆస్థాన వైద్యుడు మీసం దువ్వుకుని చెప్పాడు. "నీళ్ళు పట్టబట్టే పోయాడు ప్రభూ. కారే కుండలో ఎవరైనా నీళ్ళు పోస్తారా?"

రాజు నమ్మాడు. రాణితో మాట్లాడ్డం మానేశాడు. ఆ దుఃఖంలోనే ఒక చట్టం చేశాడు. విరేచనాలు పట్టుకున్న పిల్లలెవరినైనా ఆ పూటే ఇంట్లోంచి తీసుకుపోవాలి. కోట పక్కన పొడి చావడి అని ఒకటి కట్టించాడు. అందులో మూడు రోజులు పెదవి తడపకుండా ఉంచాలి. తల్లి మనసు కరుగుతుంది కాబట్టి తల్లులు లోపలికి రాకూడదు. ఏ తల్లయినా చాటుగా పిల్లకి తడి తగిలించిందా, ఆ పిల్ల ఇక రాజుగారి పిల్ల. మళ్ళీ తల్లి ముఖం చూడదు.

రాజు చెడ్డవాడేం కాదు. తన బిడ్డ పోయినట్టు ఇంకొకరి బిడ్డ పోకూడదనే చేశాడు. కానీ చావడిలోకి పోయిన పిల్లల్లో తిరిగొచ్చినవాళ్ళు తక్కువ.

ఒక ఎండాకాలం పోలికి ఆ జబ్బు పట్టుకుంది. పూట తిరక్కుండా తలారి గవరయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"పిల్లనియ్యమ్మా. రాజుగారి మాట."

దాలమ్మ పోలిని గుండెకి అదుముకుంది. ఏమీ అనలేదు.

"ఇయ్యకపోతే నన్ను కొడతారు తల్లీ. నాకూ పిల్లలున్నారు."

దాలమ్మ ఇంకా గట్టిగా అదుముకుంది.

మూడోసారి అడగలేదు గవరయ్య. కళ్ళు దించుకుని పిల్లని లాక్కున్నాడు, నడిచాడు. దాలమ్మ గంజి కుండ చంకనెట్టుకుని, చెంగున ఇంత ఉప్పు మూటగట్టుకుని అతని వెనకాలే నడిచింది.

గంజి ఎందుకంటారా? ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళకి ఒక సంగతి తెలుసు. ఎండలో చెమట కారి కారి మనిషి పడిపోతాడు. వట్టి నీళ్ళు పోస్తే పిక్కలు పట్టేసి గిలగిల్లాడతాడు. పల్చటి గంజిలో కాస్త ఉప్పేసి కొంచెం కొంచెం పోస్తే లేచి కూర్చుంటాడు. దాలమ్మ ఎన్నిసార్లు చూసిందో. ఒంట్లో నీరు పోవడమే కదా, చెమటైతేనేం, ఇదైతేనేం అనుకుంది.

చావడికి ఒకటే కిటికీ. దానికి కర్ర ఊచలు. కిటికీ కింద మూడు చాపలు, అవతలి గోడ దగ్గర మూడు చాపలు. చాపకొక పిల్ల. పోలి కిటికీ కిందే పడుంది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీరు రావడం లేదు.

దాలమ్మ గంజిలో ఉప్పు కలిపింది. కొంగు ముంచింది. ఊచల మధ్యనుంచి చెయ్యి చాపింది. పోలి కొంగు చప్పరించింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ చప్పరించింది. పక్క చాప మీది పిల్లాడు నోరు తెరిచాడు. వాడికీ పట్టింది. ఆ పక్కదానికీ పట్టింది. అవతలి వరసకి చెయ్యి అందలేదు. భుజం ఊచలకి ఒరుసుకుని రక్తం వచ్చింది గానీ అందలేదు.

కాపలా ఉన్న గవరయ్య చూశాడు. చూసి, తల పైకెత్తాడు.

"వానొచ్చేలాగుంది" అన్నాడు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

మూడు రోజులు అదే పని. గంజి అయిపోతే దాలమ్మ దగ్గర్లో ఇళ్ళ ముందు కుండ పట్టుకుని నిలబడేది. అడగడానికి నోరు రాదు. వాళ్ళే చూసి పోసేవాళ్ళు.

నాలుగో రోజు పొద్దున రాజు వచ్చాడు, రాణి వచ్చింది, వైద్యుడు వచ్చాడు. తల్లులందరూ బయట గుమిగూడారు. కిటికీ కింది ముగ్గురూ లేచి కూర్చున్నారు. పోలి అయితే "అమ్మా, ఆకలేత్తంది" అని కేకేసింది. అవతలి వరస ముగ్గురూ కళ్ళు తెరవడం లేదు.

వైద్యుడు మీసం దువ్వుకున్నాడు. "చూశారా ప్రభూ, పొడి వైద్యం! ఆ ముగ్గురికీ మూడు రోజులు చాల్లేదు. ఇంకో మూడు రోజులు ఎండనివ్వాలి. కారే కుండలో ఎవరైనా నీళ్ళు పోస్తారా?"

రాజు సంతోషపడి చేతి కడియం తీసి వైద్యుడికి తొడిగాడు. "లేచిన పిల్లల్ని తల్లులకి ఇచ్చేయండి" అన్నాడు.

దాలమ్మ పోలిని ఎత్తుకుంది. ఇంక ఇంటికి పోవడమే. ఒక అడుగు వేసింది. అవతలి వరస పిల్ల తల్లి చావడి గోడకి తల కొట్టుకుంటోంది. రెండో అడుగు వేసింది. పోలి మెడ చుట్టూ చేతులేసింది. ఇప్పుడు నోరు విప్పితే ఈ చేతులుండవు. మూడో అడుగు పడలేదు.

దాలమ్మ వెనక్కి తిరిగింది.

"కారే కుండ పొయ్యి మీదుంటేనో?" అంది.

అందరూ తిరిగి చూశారు.

"ఎవత్తివే నువ్వు?" అన్నాడు వైద్యుడు.

"ఉప్పు మడి దాన్ని బావూ. పొయ్యి మీద కుండ కారితే నీల్లు పొయ్యరేటి? పొయ్యకపోతే అన్నం మాడిపోతాది, కుండ పగిలిపోతాది. ఈ గుంటలు పొయ్యి మీదున్నారు బావూ. నాను ఉప్పు గంజి పట్టాను. ఈ ముగ్గురికీ నానే పట్టాను. ఆ ముగ్గురికీ నా చెయ్యందలేదు."

రాజు ముఖం ఎర్రబడింది. "చట్టం తెలుసా?"

"తెలుసు మారాజా."

"తెలిసే చెప్పావా? అయితే నీ పిల్ల ఇక నీది కాదు."

"అలాగే మారాజా. ముందు ఆ ముగ్గురికీ గంజి పట్టనీండి. ఆళ్ళ అమ్మల్ని లోనికి రానీండి. అప్పుడు తీసుకుందురు."

రాణి పలికింది. ఎన్నాళ్ళకో పలికింది.

"పట్టనివ్వండి. బిడ్డని నేనే చంపానన్నారు. నిజమో కాదో నన్నూ తెలుసుకోనివ్వండి."

రాజు చావడి తలుపు చూశాడు, రాణిని చూశాడు. "పొద్దు వాలేదాకా గడువు" అన్నాడు.

కోట వంటింట్లోంచి గంజి వచ్చింది. వైద్యుడు నవ్వాడు. "ఉప్పెంత వెయ్యాలే? తులమా, వీసమా? తూకమంటే తెలుసా నీకు?"

"తూకం తెలీదు బావూ. కన్నీరెంత ఉప్పగుంటాదో అంత. అది దాటితే పిల్లలకి చేటు."

"కన్నీటి రుచి ఎవరు చెబుతారు?"

రాణి గరిటె అందుకుంది. ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. "ఇంకొంచెం గంజి కలుపు" అంది. మళ్ళీ చూసింది. "ఇప్పుడు సరిపోయింది. నాకు బాగా తెలిసిన రుచే."

తల్లులు లోపలికి పరిగెత్తారు. పిల్లల్ని ఒళ్ళో వేసుకున్నారు. ఒక్కో చుక్కా పట్టారు. కక్కితే ఆగారు, మళ్ళీ పట్టారు. పొద్దు నడినెత్తిన ఉంది, ఏమీ లేదు. పొద్దు వంగింది, ఏమీ లేదు. పొద్దు కోట గోడని తాకబోతుండగా మొదటి పిల్ల కళ్ళు తెరిచింది. రెండోవాడు ఉచ్చ పోశాడు, తిన్నగా వైద్యుడి పట్టుపంచె మీద. మూడోది గుక్కపెట్టి ఏడ్చింది, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఏడిసిందిరో!" అని గవరయ్య చాటింపు డప్పు లాక్కుని వాయించేశాడు. ఆడవాళ్ళు ఎగిరారు. చావడి తలుపులు ఊడబీకి గంజి కాచే పొయ్యిలో పెట్టారు.

రాజు రాణి ముందు తల వంచాడు. "వాణ్ణి చంపింది నీ గుక్కెడు నీళ్ళు కాదు" అన్నాడు. ఆ మాట కోసమే ఆవిడ అన్నాళ్ళు బతికింది.

వైద్యుడు కడియం తీసి దాలమ్మకి ఇయ్యబోయాడు.

"నాకెందుకు బావూ, మడిలో జారిపోతాది" అంది దాలమ్మ. "నా గుంటని నాకిస్తే సాలు."

రాజు తన చేతులతోనే పోలిని ఎత్తి తల్లి చంకనెక్కించాడు. చట్టం మార్చాడు. పిల్లకి జబ్బు చేస్తే రాజుగారి మనిషి ఇంటికి రావాలి, చూడాలి, మందివ్వాలి. కానీ పిల్ల సంగతి తల్లి నోట విన్నాకే ఇవ్వాలి. తల్లిని వదిలి పిల్లని తీసుకుపోకూడదు.

దాలమ్మ మడికి పోయింది, పలక పట్టుకుంది. ఆ తర్వాత కూడా పెద్దగా మాట్లాడింది లేదు. పోలికి పుట్టిన పిల్లల్ని చూసి, వాళ్ళ పిల్లల్నీ చూసి ముసలితనంలో పోయింది.

ఇప్పటికీ ఆ ఒడ్డు ఊళ్ళలో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే, గంజి చుక్క ముందు తల్లి నాలిక మీద పడ్డాకే పిల్ల నోట్లో పడుతుంది. నర్సమ్మ వచ్చినా, డాక్టరుబాబు వచ్చినా, తల్లి తలుపు వార కొంగు నలుపుకుంటూ నిలబడితే, ఆమె పేరేదైనా సరే, చాప మీద కూర్చుని "చెప్పు దాలమ్మా" అంటారు.

అప్పుడామె చెబుతుంది.