కంపెనీ బొట్టు: శకటలక్ష్మీ వ్రత కథ

బండి తాళములు, సర్వీసు పుస్తకము పీటమీద పెట్టి, పసుపు గణపతికి బెల్లము చూపి, అక్షతలు చేత పట్టుకొని అందరును వినుడు. వెనుక కూర్చున్నవారు సెల్‌ఫోనులు కట్టివేయుడు. శకటలక్ష్మి హారను మోత తప్ప వేరొక మోత సహింపదు.

పూర్వము దండకారణ్యమున ఘాట్ రోడ్డు ఏడవ మలుపునందు, పంక్చరు పడిన లారీ నీడన కూర్చున్న ధూళిపాద మహర్షి, చక్రాంగ మహర్షికి నమస్కరించి ఇట్లడిగెను. మహాత్మా! కృతయుగమున ధర్మము నాలుగు పాదముల నడిచెను. కలియుగమున లోకమంతయు పది చక్రముల మీద నడుచుచున్నది. బండి సామాను ఒక్కొక్కదాని ధర వినినంతనే యజమానులకు మూర్ఛ వచ్చుచున్నది. గ్యారంటీ ఉన్నదనుకొన్నచోట లేకపోవుచున్నది. ఈ బాధ తీరు వ్రతమేదైనను కలదా?

చక్రాంగుడు గడ్డము దువ్వుకొని, మంచి ప్రశ్న వేసితివని మెచ్చుకొని ఇట్లు చెప్పసాగెను.

నాయనా, ముందుగా పాతకాలపు సంగతి వినుము. ఆ కాలమున లారీకి ముక్కు ఉండెడిది. దాని మూత ఎత్తినచో లోపలనున్నదంతయు కంటికి కనపడెడిది. డీజిలు ట్యాంకు కారినచో బట్టల సబ్బు పూసెడివారు. రేడియేటరు కారినచో గుప్పెడు పసుపు పోసెడివారు. గేరు కడ్డీ విరుగగా చెరుకు గడ దూర్చి రాజమండ్రి దాక తోలి, దిగిన పిదప ఆ గడనే నమిలి తినినవాడు ఒకడుండెను. మహర్షిని, అబద్ధమాడను. ఆ చెరుకు కొంచెము గ్రీజు వాసన కొట్టెనట, అంతే. ఆ దినములలో మేస్త్రి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, దీనికి రొంప పట్టినదనో, ఆకలిగా ఉన్నదనో చెప్పెడివాడు. చెప్పినది తప్పెడిది కాదు.

అట్టి మేస్త్రులలో కడపటివాడు కృష్ణాతీరమున చెరుకుమిల్లి గ్రామమందలి కాశిం. ఆ ఊరనే బసవపున్నయ్య యను డ్రైవరు, నాంచారమ్మ యను అతని ఇల్లాలు ఉండిరి. బసవపున్నయ్య ఇరువది యేండ్లు పరాయి లారీలు తోలి, తుదకు ఒక కొత్త లారీ కొని, ముందు అద్దము మీద తన పేరు వ్రాయించుకొనెను. ఆ పేరును రోజుకు నాలుగుమారులు తుడిచెడివాడు. వర్షము కురియుచున్నను తుడిచెడివాడు.

ఆ ఊర ఒక ఆచారము కలదు. కొత్త బండి వచ్చినచో మేస్త్రి ఒక్క బోల్టయినను విప్పి మరల బిగింపవలెను. దీనికి చేయి తగిలించుట యని పేరు. బసవపున్నయ్య బండిని కాశిం షెడ్డుకు తోలుకొని పోయెను. కాశిం మూత ఎత్తి చూచి తెల్లబోయెను.

"ఇదేం బండిరా పున్నయ్యా? మూత తీస్తే లోపల ఇంకో మూత! విప్పటానికి ఒక్క బోల్టూ కనపడదేంటి?"

"ఏదో ఒకటి విప్పు బాబాయ్. నీ చెయ్యి తగలందే నాకు బండెక్క బుద్ధి కాదు."

వెదకగా వెదకగా డీజిలు పంపు మీద ఒక చిన్న బోల్టు, దానిమీద ఎర్రని చుక్క కానవచ్చెను. అది కంపెనీవారు వేసిన సీలు. కాశిం దానిని చూచి మురిసిపోయెను.

"వాళ్లూ బొట్టు పెట్టే పంపారురా! పరవాలేదు, భక్తులే."

అని ఆ చుక్కను చెరిపి, బోల్టు విప్పి, మరల బిగించెను. నాంచారమ్మ అదేచోట ఇంటి కుంకుమతో కొత్త బొట్టు పెట్టెను. అందరును బెల్లము తిని సంతోషించిరి.

ఐదవ నెలలో, చెరుకు కోతల నడుమ, నిండు లోడుతో ఆ బండి మిల్లు దారిలో దగ్గి దగ్గి ఆగెను. దానిని షోరూముకు లాగుకొని పోయిరి. అచ్చటి సూపర్వైజరు కంప్యూటరు తగిలించి, పంపు పోయినదని చెప్పెను. పంపు ధర వినినంతనే బసవపున్నయ్య గోడను ఆనుకొనెను. పాత రోజులలో ఆ సొమ్ముకు సగము లారీ వచ్చెడిది. గ్యారంటీ ఉన్నది గదా యని అడుగగా, సూపర్వైజరు వంగి పంపు చూచి, వేలితో రాసి, వాసన చూచి, "ఇది సీలు కాదండీ, కుంకం. సీలు తీసిన పంపుకి గ్యారంటీ రాదు" అనెను.

బండి నిలిచెను. బాడుగ నిలిచెను. పొయ్యిమీద కుండ నిలిచెను.

బసవపున్నయ్య ఊరికి వచ్చి, టీ కొట్టులో పదిమంది ఎదుట, అది కాశిం చేయి కాదు, శని చేయి యని అనెను. ఆ మాట గడియలో షెడ్డుకు చేరెను. కాశిం రెంచీలు నూనెగుడ్డలో చుట్టి, రేకు తలుపు దించెను. నలువది యేండ్లలో ఆ తలుపు పగటిపూట దిగుట అదియే మొదలు.

పిదప బసవపున్నయ్య పోస్టాఫీసు నుండి ఎర్ర లక్క తెచ్చి, క్యాబినులో తువ్వాలు మరచితినని చెప్పి షోరూములోనికి పోయి, పంపు బోల్టు మీద కరిగించి పోసెను. సీలు భద్రముగానే ఉన్నది, మరల చూడుడని సూపర్వైజరును పిలిచెను. అతడు చూచి నవ్వి, "పోయినసారి కుంకం, ఈసారి లక్క. మళ్లీ వచ్చేప్పుడు గంధం తెస్తారా అండీ?" అనెను.

బండి నిలిచెను. బాడుగ నిలిచెను. పొయ్యిమీద కుండ చల్లారెను.

ఎనిమిది దినములలో బండి రానిచో ఆ లోడ్లు వేరొకరికి ఇత్తుమని మిల్లువారు కబురంపిరి. బండి కొందునని ఒకడు వచ్చి చుట్టు తిరిగి చూచి, అద్దము మీది పేరు బ్లేడుతో గోకిన పోవునా యని అడిగెను. ఆ మాట బసవపున్నయ్యకు గుండెలో దిగబడెను.

మరునాడు అతడు షోరూము బెంచీమీద తల పట్టుకొని ఉండగా, నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతుల నిండ ఆకుపచ్చ గాజులు గల ముసలి ముత్తయిదువ టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చెను. సంగతి అడిగెను. అతడు దాచక చెప్పెను. ఆమె పకపక నవ్వెను.

"లక్క పోస్తే అబద్ధం అతుక్కుంటుందటయ్యా? సరే, నీ బండి గొంతు ఒక్కడన్నా విన్నాడా? అందరూ ఆ టీవీ పెట్టె చూసేవాళ్లేనా?"

అని, శకటలక్ష్మీ వ్రత విధానము చెప్పెను. శుక్రవారము తలంటుకొని, తాళములు, సర్వీసు పుస్తకము పూజించి, జరిగినది జరిగినట్లు తన చేతితోనే ఫిర్యాదు కాగితము మీద వ్రాయవలెను. ఎవరిని నిందించితిమో వారి గుమ్మమునకు పోయి క్షమింపుమని వేడి, వారిని వెంట తేవలెను. కొత్త సామాను వేయకముందు పాతదాని రోగమేమో చూపింపుడని అడుగవలెను. అంతవరకు మెతుకు ముట్టరాదు. ఇట్లు చెప్పి ఆమె గోడ మలుపు తిరిగెను. ఆ పెద్దమ్మ ఎవరని బసవపున్నయ్య అడుగగా, తమకు టీ మిషనే గాని పెద్దమ్మ లేదని షోరూమువారు చెప్పిరి. చేతిలోని గ్లాసులో అల్లము వాసన మాత్రము ఉండెను. మిషను టీలో అల్లము ఉండదు గదా! అతని ఒడలు పులకరించెను.

శుక్రవారము పూజ ముగించి ఆలుమగలు కాశిం ఇంటికి పోయిరి.

"శని చెయ్యి దగ్గరికి పొద్దున్నే వచ్చారేంటమ్మా, శకునం చూసుకున్నారా?"

"మామయ్యా, ఆ మాటన్న నోటికి నిన్నటి నుంచి మెతుకు పెట్టలేదు. తిట్టు, కొట్టు, కానీ రా" అని నాంచారమ్మ పలికెను.

బసవపున్నయ్య కాళ్లమీద పడబోగా కాశిం రెక్క పట్టి లేపి, "లే లే, నడుం పట్టుకుంటే నిన్ను విప్పి బిగించటం నావల్ల కాదు" అని, స్క్రూడ్రైవరు తీసుకొని బయలుదేరెను.

షోరూములో బసవపున్నయ్య ఇట్లు వ్రాసెను: సీలు మేమే తీసితిమి. బొట్టు అనుకొంటిమి. లక్క నేనే పోసితిని. సూపర్వైజరు దానిని రెండుమారులు చదివెను, ఈమారు నవ్వలేదు. కాశిం ఒక్కసారి ఇంజను తిప్పుమని కోరెను. స్క్రూడ్రైవరు చెవికానించి కన్నులు మూసెను. దగ్గు వినెను.

"పంపుది కాదు సారూ. దీనికి అన్నం ఉంది, తినమని కబురే అందట్లేదు. ఆ కబురు మోసే వైరేదో చూపించు."

సూపర్వైజరు చూపగా, కాశిం వ్రేళ్లతో ఆ వైరు వెంట పోయి, ఒక క్లిప్పు క్రింద ఆగెను. క్లిప్పు ఒరిసి ఒరిసి వైరు తోలు ఊడియుండెను. ఆ క్లిప్పు మీది కంపెనీ రంగు చెదరలేదు, దానిని ఎవ్వరును ముట్టలేదు. సూపర్వైజరు కంప్యూటరు మరల తగిలించి చూచి, ఒప్పుకొని, "పంపు మీదే మాకు పేచీ అండీ. వైరుకి గ్యారంటీ ఉంది" అనెను. వైరు ఉచితముగా మారెను. పంపు మారవలసిన పనియే లేకపోయెను. ఏడవ దినమున లారీ మిల్లు గేటు దాటెను.

బండి కదిలెను. బాడుగ కదిలెను. పొయ్యిమీద కుండ ఉడికెను.

ఉద్యాపనమున ఆ దంపతులు కాశింకు కొత్త లుంగీ, కొబ్బరికాయ, శనగలు వాయనమిచ్చిరి. షెడ్డు తెరువుమని వేడుకొనిరి. ముక్కు లారీలు ఇక రావు గదరా యని కాశిం కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి వినెను. పిదప, "విప్పేది వాళ్లు, వినేది నేను. అట్లాగైతే తెరుస్తా" అనెను. మరునాడు రేకు తలుపు పైకి లేచెను. బండ్లు మాత్రమే గాక, ఆ తలుపు చప్పుడు వినుటకు ముసలి డ్రైవర్లు కూడ వచ్చి నిలిచిరి.

కావున ధూళిపాదా! లారీ, ట్రాక్టరు, కోత మిషను, ఆటో గలవారెల్లరు ఈ వ్రతము చేయదగును. షోరూము సూపర్వైజర్లు ఏడాదికి ఒకమారైనను చేయవలెను. అప్పుడు వారికి చెవులు వచ్చును. దీనిని చేసినవారి సర్వీసు పుస్తకమున ముద్రలు తప్పవు, సామాన్లు అకాలమున పోవు, పోయినను గ్యారంటీ లోపలనే పోవును. చదివినవారికి పంక్చరు ఊరి దగ్గరనే పడును. వినినవారికి లిఫ్టు దొరకును. కథ నడుమ నిద్రపోయినవారికి స్టీరింగు ఇయ్యరాదు.

ఇప్పుడందరు లేచి వాకిట నున్న బండికి ప్రదక్షిణము చేసి, చేతిలోని అక్షతలు టైర్ల మీద వేయుడు. ఇంజను మీద ఒక్క గింజయు పడనీయకుడు. అక్షతలకు గ్యారంటీ లేదు.