నల్లరేగడి చేను అన్నం అడిగింది

ఒకప్పుడు నల్లరేగడి నేలకి నోరు విప్పడం తెలియదు.

ఎండాకాలం వస్తే ఊళ్ళో అన్నీ పగిలేవి. కుండలు పగిలేవి, మట్టిగోడలు పగిలేవి, మనుషుల మడమలు పగిలేవి. రోహిణి కార్తె ఎండకి రోళ్ళు కూడా పగిలేవి. నల్లరేగడి చేను మాత్రం ఒక్క బీట లేకుండా, అలికిన అరుగులా నున్నగా ఉండేది. ఎంత ఆకలేసినా కిక్కురుమనేది కాదు.

గుండ్లకమ్మ ఏటి పక్కన అలాంటి చేను ఒకటి పేరయ్యది. పేరయ్యా, అతని పెళ్ళాం ఆదెమ్మా ఏటా అందులో పొగాకు వేసేవాళ్ళు. మొదట్లో ఒక్కో ఆకు చేటంత పెరిగేది. ఆకులు కోసి, తోరణాల్లా తాళ్ళకి గుచ్చి, ఆరబెట్టి బండికెత్తేవాళ్ళు. చేలో మిగిలిన మోళ్ళు పీకి, కుప్పేసి నిప్పుపెట్టేవాళ్ళు.

ఆకు బండెక్కి పోయేది. మోడు పొగై పోయేది. కన్న చేనుకి పిడికెడు కూడా మిగిలేది కాదు.

ఏళ్ళు గడిచాయి. చేటంత ఆకు మూకుడంత అయింది. మూకుడంత ఆకు అరచేతంత అయింది.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళి, ఆకు కోతలు అయ్యాక, పేరయ్య గట్టుమీద కూలబడ్డాడు.

"ఈ చేను చచ్చిపోయిందే ఆదెమ్మా. వదిలేద్దాం. కొండ కింద అడివి నరుక్కుని కొత్త చేను చేసుకుందాం" అన్నాడు.

ఆదెమ్మకి ఆ మాట నచ్చలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె కాళ్ళకంటిన మట్టి అది. చంటిపిల్లని ఒళ్ళోకి తీసుకుని, తుమ్మచెట్టు నీడన కూర్చుని పాలు పట్టసాగింది.

అంతలో మోడు పీకిన గుంటలోంచి ఒక వానపాము బయటికొచ్చింది. నూలు పోగులా బక్కచిక్కి ఉంది.

"ఇంత ఎండలో ఎక్కడికే?" అంది ఆదెమ్మ.

"ఏటొడ్డుకి పోతున్నా తల్లీ. మావాళ్ళంతా ముందే పోయారు. లోపల ఆకుముక్క లేదు, పేడగడ్డ లేదు. చేనే పస్తులుంటే మాకేం పెడుతుంది?"

ఆదెమ్మ ఉలిక్కిపడింది. వంగి నేలకి చెవి ఆనించింది. లోపలెక్కడో సన్నగా మూలుగు వినిపించింది.

"అమ్మా! ఆకలేస్తుంటే ఎందుకు చెప్పలేదు?"

నేల గొణిగింది. "పెట్టేదాన్ని నేను. పెట్టమని ఎట్టా అడగను? సిగ్గేస్తుంది."

"సిగ్గేంటమ్మా! నన్ను చూడు. పిల్లకి పాలు పడాలంటే ముందు నాకు ముద్ద దిగాలి. పుట్టింట్లో పురుడయ్యాక, 'అమ్మా, ఇంకో ముద్ద పెట్టు' అని అడిగి మరీ తిన్నాను. బాలింతని పస్తు పెట్టి, పాలు లేవని వదిలేసి పోతారా ఎవరన్నా?"

నేల నిట్టూర్చింది. "ఆకు మీరే తీసుకోండి. మిగిలింది నాకు పెట్టండి. అంతే చాలు" అంది.

అప్పటికే పేరయ్య మోళ్ళన్నీ కుప్పేసి నిప్పు రాజేస్తున్నాడు. ఆదెమ్మ పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది.

"ఆగయ్యా! కాల్చొద్దు. ఇవి చేనుకి పెడదాం."

పేరయ్య నవ్వాడు. "మేక ముట్టని ఆకు ఉండదు. అలాంటి మేకే పొగాకు మోడు దగ్గరికి రాదు. ఇంత చేదు చేను ఎట్టా తింటుందే?"

కుప్పలోంచి ఒక మోడు మెల్లగా అంది. "చేదు నిజమే అయ్యా. కానీ అది ఎల్లకాలం ఉండదు. మమ్మల్ని ముక్కలు చేసి, పేడలో కలిపి, నీళ్ళు చల్లి, గుంటలో కప్పెట్టి చూడు. చేదంతా దిగిపోతుంది. ఏటా మమ్మల్ని పొగ చేసి ఆకాశానికి పంపిస్తున్నావు. అక్కడ మాకెవరున్నారు? పుట్టిన మట్టిలో కలవాలని మాకూ ఉండదా?"

పేరయ్య చెయ్యి ఆగిపోయింది. నిప్పుకట్టెని మట్టిలో గుచ్చి ఆర్పేశాడు.

ఇద్దరూ కలిసి గుంట తవ్వారు. మోళ్ళు నరికారు. ఆకుల ఈనెలు, రాలిన పొట్టు, పేడ అన్నీ కలిపి తడిపి, పైన బురదతో మెత్తారు. ఆదెమ్మ రోజూ కడవతో నీళ్ళు తెచ్చి చల్లేది. ఎండలు ముదిరాక గుంట విప్పి చూస్తే మోళ్ళు లేవు, ఘాటు లేదు. మెత్తటి నల్లటి పొడి మాత్రం ఉంది.

రోహిణి కార్తెలో ఆ ఎరువు గంపలకెత్తుకుని చేనుకి వెళ్ళారు. పేరయ్య గడ్డపారతో నేలని పొడిచాడు. ఠంగుమని వెనక్కి ఎగిరింది. సరేనని ఒక గంప పైనే చల్లాడు. వడగాలి రయ్యిమని వచ్చి ఎత్తుకుపోయింది.

"ఓ గాలీ! అది మా చేను అన్నం!" అని అరిచింది ఆదెమ్మ.

"నన్నేం చెయ్యమంటావు? పైనున్నదంతా నాది. లోపలికి పోయిందే నేలది" అంది గాలి.

"చూశావా, ఇంత కష్టమూ గాలిపాలయింది. ఇంక పోదాం పద" అన్నాడు పేరయ్య.

ఆదెమ్మ కదల్లేదు. కాలే నేల మీద మోకాళ్ళమీద కూర్చుంది. గంపలోంచి గుప్పెడు ఎరువు తీసి, మారాం చేసే పిల్లకి పట్టినట్టు నేల దగ్గర పట్టుకుంది.

"తినమ్మా. మా అమ్మవి కదూ. ఒక్క ముద్ద. నీ పిల్లలం, మా దగ్గర నీకు సిగ్గేంటి? నువ్వు నోరు తెరవకపోతే నేను పెట్టేదెట్టా?"

నేల లోపల ఏదో కదిలింది. టప్పుమని చిన్న చప్పుడైంది. ఆదెమ్మ చేతికింద వెంట్రుకంత బీట పడింది. వెంట్రుక వేలంతయింది. వేలు చేతంతయింది. ఆదెమ్మ గుప్పెడు ఎరువు అందులో జారవిడిచింది.

"ఇంకో ముద్ద పెట్టు" అంది నేల.

పేరయ్య కళ్ళు తుడుచుకుని గంప పట్టుకుని పరిగెత్తాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా చేనంతా నోళ్ళు తెరిచింది. పొద్దు గుంకేదాకా ఇద్దరూ తినిపిస్తూనే ఉన్నారు. గాలి పక్కనే తిరిగింది గానీ దానికి చిటికెడు కూడా దొరకలేదు.

తొలకరి పడింది. వానపాములు ఏటొడ్డు నుంచి ఇళ్ళకొచ్చేశాయి. పేరయ్య ముందు జనుము చల్లి, పూతకొచ్చాక అదీ చేనుకే కలియదున్నాడు. ఆ తరవాతే పొగాకు నాటాడు. ఆకు ఒక్కసారిగా చేటంత కాలేదు. మూకుడంత అయింది. పేరయ్యకి అదే పండగ. కొండ కింద అడివి మాట మళ్ళీ ఎత్తలేదు.

అప్పటినుంచే ఎండాకాలం రాగానే నల్లరేగడి చేలు బీటలు తీస్తాయి. ఒక్కోచోట చెయ్యి పెడితే భుజందాకా దిగుతుంది. ఏటి పక్క ఊళ్ళవాళ్ళు ఆ బీటలు చూసి, "చేను అన్నం అడుగుతోంది" అని ఎరువు గంపలు ఎత్తుకుంటారు. వాన పడే దాకా నేల అలా అడుగుతూనే ఉంటుంది. నాలుగు జల్లులు పడ్డాక, కడుపు నిండిన తల్లిలా మెల్లగా నోరు మూసుకుంటుంది.