ఆరున్నొకటి

అనగా అనగా ఒక రాజు. ఆ రాజ్యంలో ఆరు తర్వాత అంకెను అందరూ ‘ఆరున్నొకటి’ అనేవాళ్లు. ఏడు అని నోరు జారితే ఇంట్లో ఏడుపు తప్పదని వాళ్ల భయం. నవ్వకండర్రా, వాళ్ల బెంగ వాళ్లది.

రాజుకు ముగ్గురు కొడుకులు. కరకంఠుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి పద్మగంధిని ఎత్తుకుపోయాడు. విడిపించి తెస్తానని పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్లాడు, వాడూ రాలేదు. ఇక చిన్నవాడు సుకేతుడు బయల్దేరాడు. తల్లి వాడి చెయ్యి వదల్లేదు.

“నాయనా, ఆ పాడుమాట మాత్రం నోట రానీకు. ఇంక ఏడ్చే ఓపిక నాకు లేదు” అంది.

సుకేతుడు ఆరున్నొకటి సముద్రాలు దాటాడు. ఒడ్డున నీళ్లలో కొట్టుకుపోతున్న ఒక చీమను ఆకుతో తీసి కాపాడాడు. అది మాంత్రికుడి కోటలో చీమే. సుకేతుడి చెవి మీదెక్కి కూర్చుంది.

కోట గుమ్మంలో అన్నలిద్దరూ రాళ్లయి ఉన్నారు. లోపల పంజరంలో చిలుక, దాని తోకకు ఆరు ఈకలు, ఈకకో అంకె. లక్షా నలభై రెండువేల ఎనిమిది వందల యాభై... చివరి అంకె వాడు పైకి చదవలేదు.

“నా ప్రాణం ఈ అంకెల్లో ఉంది” అన్నాడు పంజరం పక్కనే నిలబడ్డ కరకంఠుడు. “ఎన్నింతలు చెయ్యాలో చిలుకతో చెప్పు, ఒక్కసారే. కొత్త అంకెలొస్తే నేను చస్తాను. ఇవే వచ్చినా, ఈకలు చాలకపోయినా నువ్వు రాయివి.”

చీమ గుసగుసలాడింది. “మీ పెద్దన్న రెండింతలన్నాడు. అంకెలు చోట్లు మారాయంతే. నడిమన్న ఆరున్నొకటి అన్నాడు. చిలుక ఆరు వినగానే లెక్క కట్టేసింది. మళ్లీ అవే అంకెలు.”

సుకేతుడు బొటనవేలితో దుమ్ములో లెక్క వేశాడు. మూడింతలు, అవే. నాలుగు, అవే. అయిదు, అవే. ఆరు తర్వాతిది వేసి చూస్తే అన్నీ తొమ్మిదులే, ఆ పైన ఈకలు చాలవు. ఆ మాట అంటే అమ్మకేమవుతుందో. అనకపోతే అన్నలు ఎప్పటికీ రాళ్లే.

“ఏడింతలు” అన్నాడు, కళ్లు మూసుకుని.

ఆరు ఈకల మీదా తొమ్మిదే. కరకంఠుడు బావురుమని ఏడ్చాడు, ఏడుస్తూ ఏడుస్తూనే బూడిదైపోయాడు. అన్నలు కళ్లు నులుముకుంటూ లేచారు. చెర వదిలిన పద్మగంధి సుకేతుణ్ణి తప్ప ఎవర్నీ పెళ్లాడనంది.

సుకేతుడు అందరితో ఇంటికి వచ్చాడు. గుమ్మంలో తల్లి కాళ్ల మీద పడ్డాడు. “అమ్మా, ఆ మాట అనేశాను.”

ఆమె ముగ్గురు కొడుకుల మొహాలూ తడిమి తడిమి చూసుకుంది.

పెళ్లిలో వధూవరులు అడుగులు వేస్తుంటే పురోహితుడు లెక్కపెడుతున్నాడు. ఆరో అడుగు దాటాక ఆయన నోరు తడబడింది.

“ఏడు” అంది తల్లి, అందరికీ వినపడేలా. అని, నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

సుకేతుడు చాలాకాలం చల్లగా ఏలాడు. ఆ ఊళ్లో పిల్లలు ఇప్పుడు అన్ని అంకెలూ చదువుతారు.