పెట్టెలో మసి

అన్యాయం జరిగింది సుంకులమ్మకి, రెండువేల తొమ్మిది శ్రావణమాసంలో. చేసినవాడు ఫణిభూషణం. చేశానన్న సంగతి అతనికి తెలియదు. అతని పెద్దమనిషితనమంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

ఆదోనిలో కళ్ళజోళ్ళ షాపు అతనిది. ఆదివారమైతే చాలు, గుంతకల్లు బస్సెక్కి పరిపూర్ణమ్మ టీచరింట్లో వాలేవాడు. ఆమె బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. ఇత్తడి రేకూ అట్టా కోసి, పాత ప్యాసింజరు రైలు బోగీల నమూనాలను అసలుకి ఎనభై ఏడో వంతున, మేకు తలకాయ కూడా తప్పిపోకుండా కట్టడం ఆమె విద్య. కట్టినవన్నీ అద్దాల బీరువాలో ఉంటాయి. శిష్యులు కట్టినవాటిల్లో సరైనదని తాను ఒప్పుకున్నదాన్నే అందులోకి రానిస్తుంది. ఫణిభూషణం జుట్టు నెరిసింది గానీ అతని పెట్టె ఒక్కటీ లోపలికి పోలేదు. ఆ బీరువాలో జానెడు చోటు కోసం అతను పెళ్ళాం మీద ప్రమాణం చేయమన్నా చేసేవాడు. ఎవరేం సందేహం అడిగినా ఆమె జవాబు చెప్పదు, స్కేలు చేతిలో పెడుతుంది.

అది జరిగిన కొన్నాళ్ళకి, ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం అతను అట్టపెట్టెలోంచి కొత్త బోగీని తీసి బల్లమీద పెట్టాడు. పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

"టీచరమ్మా, కొలతలన్నీ సరిపోయిన పెట్టెలోకి తప్పు ఎట్లా వస్తుంది?"

"ఏం తప్పప్పా?"

"మసి."

మూడో కిటికీకి ఎదురుగా, లోపలి కప్పు మీద. మీగడ రంగు వేసిన మర్నాటికల్లా అక్కడ నల్లటి మచ్చ తేలింది. స్పిరిట్ పెట్టి తుడిచాడు, మళ్ళీ వచ్చింది. రంగు మార్చాడు, వచ్చింది. కప్పే ఊడబెరికి కొత్త అట్ట వేశాడు, అదే చోట మళ్ళీ వచ్చింది. దేవుడి దగ్గర అగరువత్తి కూడా మానేశాడు. భార్య వసుంధర మాత్రం, "దాని దగ్గర రొట్టె మాడిన వాసన వస్తోంది. ఈ ఇంట్లో రొట్టె కాల్చి ఎన్నాళ్ళయింది? నాకు తెలియకుండా ఎవరు వండిపెడుతున్నారు మీకు?" అని ఎకసెక్కమాడింది. తర్వాత నవ్వడం మానేసి, బోగీని వరండాలో పెట్టించింది.

టీచరు బోగీని అటూ ఇటూ తిప్పి చూసి ముక్కు దగ్గరికి తీసుకుంది. "జొన్నరొట్టె," అంది. "అసలు పెట్టె యాడ చూస్తివి?"

అతని మొహం వెలిగింది. ఊరి పేరు ఎందుకు గానీ, మీటర్‌గేజి పట్టాలు పీకేసిన ఒక స్టేషను యార్డులో చూశాడట. "అట్లాంటిది మళ్ళీ దొరకదు టీచరమ్మా! అరవై ఏళ్ళ బోగీ, ఒక్క బల్ల మారలేదు. కాకపోతే అందులో సుంకులమ్మని ఒకామె కాపురం పెట్టింది. కూలీలకి రొట్టెలు చేసి అమ్మేది. పొయ్యీ, చాటలూ, అడ్డంగా చీరలూ. ఫోటో ఎట్లా తీయను, కొలత ఎట్లా పట్టను? ఒక్క పూట ఖాళీ చేయించమని సూపర్‌వైజరుకి చెప్పాను. అంతే."

"ఒక్క పూటేనా?"

"నేనడిగింది ఒక్క పూటే. వాళ్ళే ఇదే సందని తలుపులకి వెల్డింగ్ పెట్టేశారు. తర్వాత బోగీని తుక్కు కింద కోసేశారు. ఇప్పుడు లోకంలో మిగిలింది ఇదొక్కటే." ఆ ఆఖరి మాట గర్వంగానే అన్నాడు.

"ఆమె?"

"వానలో ఎటో పోయింది. నాకేం తెలుసు టీచరమ్మా?"

ఎటో పోయింది! కాపురాలు కూలగొట్టినవాళ్ళందరికీ చేతికందే మాట అది. నెత్తిన చాట పెట్టుకుని నడిచే మనిషి ఎటో పోదు, ఒక దారిన పోతుంది. ఆ దారి ఎటు తిరిగిందో చూడటానికి ఇతను తల తిప్పలేదు, ఎందుకంటే అప్పుడు కెమెరా తుడుచుకుంటున్నాడు.

టీచరు స్కేలు అతని చేతిలో పెట్టింది. "మసిని కొలువు."

వంగి కొలిచాడు. "ఎనిమిది మిల్లీమీటర్లు."

"ఎనభై ఏడుతో హెచ్చవేయి."

వేశాడు. మూరన్నర దాకా వచ్చింది. మరోసారి వేసినా అంతే వచ్చింది.

"రొట్టెల పొయ్యి మీద కప్పుకి పట్టే మసి అంతే ఉంటుంది," అందామె మామూలుగా, శిష్యుడి బొమ్మ దిద్దుతున్నట్టు. "కొలత తప్పలేదు. తలుపు దగ్గర కూడా చూడు. నీ భూతద్దం పెట్టి చూడు."

జనాల కళ్ళజోళ్ళలో గీతలు వెతికే భూతద్దం జేబులోంచి తీశాడు. తలుపు చట్రం లోపలి అంచున నువ్వుగింజంత తెల్లటి చుక్క ఉంది. రంగు చిందిందనుకున్నాడు. అద్దం ఆనించాడు. చుక్కకి ఐదు వేళ్ళున్నాయి.

ఆ చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు, అతనొక్కడికే తెలుసు. దిగమని అరుస్తుంటే సుంకులమ్మ పిండి చేత్తో ఆ చట్రాన్ని పట్టుకుని కాసేపు కదల్లేదు. ఆమె దిగాక, ఫోటోలో పడుతుందని, అతనే జేబురుమాలుతో ఆ గుర్తు తుడిచాడు. తుడిచాకే ఫోటో తీశాడు. ఏ ఫోటోలోనూ లేదది. ఏ మనిషికీ చెప్పలేదు. ఇప్పుడు చూస్తుంటే వేళ్ళ చివర పిండి ఇంకా తడిగా మెరుస్తోంది.

వెనక బీరువా తలుపు కిర్రుమంది. టీచరు తన బోగీలను అటూ ఇటూ జరిపి మధ్య అరలో జానెడు చోటు చేస్తోంది. ఇన్నేళ్ళూ అతను కోరుకున్న చోటే అది. దాన్ని చూసి వెనక్కి జరిగాడు.

"ఇట్లాగే వద్దు టీచరమ్మా," అన్నాడు. "రెండు నిమిషాలు. మసీ, ఆ చెయ్యీ తుడిచేసి ఇస్తాను."

పరిపూర్ణమ్మ స్పిరిట్ సీసాని అతనికి అందకుండా పక్కకి పెట్టింది.

"పెట్టె సరిగ్గానే ఉందప్పా. ఇల్లు మాత్రం నీదీ కాదు, నాదీ కాదు. తుడవాలో వద్దో ఇంటామెని అడిగి రాపో."