గడప చుట్టూ తిరిగిన కాలువ

అనగా అనగా, తూర్పున, ఇంకా తూర్పున, పొద్దు అందరికంటే ముందు పొడిచే చోట కొన్ని దీవులుండేవి. ఇప్పుడు మనం జపాను అంటున్నామే, అవే. అటు చూస్తే సముద్రం, ఇటు చూస్తే కొండ, నడుమ కాస్తంత నేల. ఆ కాస్త నేలా కుదురుగా ఉండేది కాదు, ఉండుండి ఒళ్లు విదిల్చుకునేది. అయినా జనం ఉన్నారు. జనం ఎక్కడుండరు గనక.

అక్కడొక కొండలోయలో తోచిమే అనే అవ్వ ఉండేది. ఆవిడ వాళ్లు అడవి మనుషులు. చేదు కాయలు ఏరి, ఎండ తగిలే గుంటల్లో నానబెట్టి, చేదు పోయాక దంచి రొట్టెలు కాల్చుకునేవాళ్లు. వేట తగ్గిపోయి తనవాళ్లంతా ఉత్తరానికి వెళ్లిపోయారు. అవ్వ మాత్రం కదల్లేదు.

ఒక ఏడు పడమటి సముద్రం మీంచి పడవలొచ్చాయి. పడవల్లో కొత్త మనుషులు, వాళ్ల దగ్గర మూడు కుండల విత్తనపు వడ్లు. వాళ్ల పెద్ద పేరు ఒకిహికో. కొండదేవుడు వసంతంలో నీళ్లతో పాటు దిగివచ్చి మడిలో కాపురముంటాడని, కోతలయ్యాక మళ్లీ కొండెక్కుతాడని వాళ్ల నమ్మకం. దేవుడు నడిచే దారి వంకరగా ఉంటే తప్పు కదా. అందుకని మంచు కరిగే చోటి నుంచి మడి దాకా తాడు పట్టి తిన్నగా కాలువ తవ్వారు.

మొదటి ఏడు మొదటి కుండ చల్లారు. మొలకలు ఎర్రబడి చచ్చిపోయాయి. రెండో ఏడు రెండో కుండ చల్లారు. అవీ ఎర్రబడి చచ్చిపోయాయి. ఆ రెండేళ్లూ వాళ్ల పిల్లల్ని బతికించింది అవ్వ చేదు కాయల రొట్టెలే.

మూడో ఏటికి ఒక్క కుండ మిగిలింది. అదీ పోతే ఇక విత్తనమే లేదు. ఒకిహికో గట్టు మీద కూలబడ్డాడు.

"దేవుడికి మా మీద కోపమొచ్చిందవ్వా."

అవ్వ కాలువలో కాలు పెట్టి చూసింది. "కోపం కాదు నాయనా, చలి. నా ముసలి కాలే ఓర్చుకోలేకుండా ఉంది, పసి మొలక ఎక్కడ ఓర్చుకుంటుంది? నా కాయల గుంటల్లో నీళ్లు చూడు, గోరువెచ్చగా ఉంటాయి. మీ దేవుణ్ణి కూడా అలా ఎండలో తిప్పి తీసుకురండి."

"దేవుణ్ణి తిప్పడమా? అలిగి వెళ్లిపోతే?"

"మంచులోంచి వచ్చేవాడికి ఎండ కాచుకోవాలని ఉండదా? అలిగితే నా పేరు చెప్పు."

ఒకిహికోకి ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. లోయంతా తిరిగి చూశాడు. రోజంతా ఎండ పడే చదును ఒక్కటే ఉంది. దాని మీద అవ్వ గుడిసె ఉంది.

ఆ మాట చెబితే అవ్వ తన గుడిసె గడప వైపు చూపించింది.

"ఆ గడప కింద కుండలో నా బిడ్డ ఉన్నాడు," అంది. "మూడు నెలలవాడు. పోయిన బిడ్డని గడప కింద దాచి తల్లి రోజూ దాటుతుంటే, మళ్లీ కడుపులోకి వస్తాడంటారు మావాళ్లు. నలభై ఏళ్లుగా దాటుతున్నాను. ఇక రాడని తెలుసు. అయినా కాలు ఊరుకోదు."

"వద్దవ్వా," అన్నాడు ఒకిహికో. "మేం పడవలెక్కి పోతాం."

"నెలలు నిండిన కోడల్ని పెట్టుకుని ఎక్కడికి పోతావురా? గుడిసె తీసెయ్యండి. గడప మాత్రం కదపొద్దు. కాలువని దాని చుట్టూ తిప్పుకుపొండి."

మూడు రోజులు తవ్వారు. కాలువ గడప దాకా వచ్చి, దాని చుట్టూ తిరిగి, ఎండలో మెల్లగా నడిచి మడికి చేరింది. మూడో కుండ చల్లారు. మొలకలు పచ్చగా లేచాయి. ఊరు ఊరంతా ఏడ్చింది, సంతోషంతోనే.

అవ్వ పక్కనే చిన్న పాక వేసుకుని, పొద్దున్నే వచ్చి గడప దాటి వెళ్లేది. కంకులు పాలు పోసుకునే వేళకి కన్నుమూసింది. బిడ్డ పక్కనే పడుకోబెట్టారు.

కోతలయ్యాయి. కొత్తన్నం వండారు. మొదటి ముద్ద దేవుడిది, అది వాళ్ల ఆచారం. ఒకిహికో ఆకులో ముద్ద పట్టుకుని కాలువ వెంట కొండ వైపు బయల్దేరాడు. కాలువ తిరిగే చోట ఆగాడు. ఇక ముందుకి నడవలేకపోయాడు. వంగి, ముద్ద గడప మీద పెట్టాడు.

ఇప్పటికీ ఆ లోయలో అంతే. బిడ్డలు పోయిన తల్లులు ఆ గడపని మూడుసార్లు దాటుతారు. కొత్తన్నం మొదటి ముద్ద అక్కడే పెడతారు. ముందు దేవుడికి కదా పెట్టాలి అని ఎవరైనా అడిగితే, అక్కడి ఆడవాళ్లు ఒకే మాట చెబుతారు.

"దేవుడు పెద్దవాడు, ఆగుతాడు. పసివాడు ఆకలికి ఆగడు."