చుక్కమ్మ ఇంగ్లీషు

నూజివీడు పక్కన ఒక మామిడితోట. కాపలాకని ఆసామి పట్నం నుంచి దూడంత కుక్కను తెచ్చాడు. పేరు బ్రూనో. మనవాళ్ల సంగతి తెలిసిందేగా, పొద్దస్తమానం తెలుగులో తిట్టుకునేవాళ్లు కూడా పెంపుడు కుక్క ఎదురుపడేసరికి ఇంగ్లీషులోకి దిగుతారు! ఆ మాటల మధ్యే పెరిగిన బ్రూనో నోట తెలుగు ముక్క వినబడేది కాదు.

నక్కకి ఇంతకంటే ఏం కావాలి? "కాన్వెంటు వెనక పొదల్లో పెరిగినవాణ్ణి. మీ కష్టసుఖాలు బ్రూనో దొరగారికి నేను చెప్పిపెడతాను" అంది తోటలోని జీవాలతో. "ఐ యామ్ మేనేజర్" అంది కుక్కతో. ఇక గేటు దగ్గర దాన్ని ఆపేవాళ్లు లేరు.

చుక్కమ్మ అనే పెట్ట గంపలో పదకొండు గుడ్లు పొదుగుతోంది. మేతకి లేచి వచ్చేసరికి ఒకటో రెండో మాయం. లబోదిబోమంటూ వెళ్లి నక్కకే మొరపెట్టుకుంది, పాపం.

"నక్క మావా, ఆ దొంగెవరో పట్టుకోమని దొరగారికి చెప్పవా?"

నక్క కుక్క దగ్గరికెళ్లి ఏదో గొణిగి వచ్చింది. "విచారిస్తానన్నారు."

"నిన్నా అదే అన్నారుగా! పోనీ నేనే చెప్పనా? ఆసామి అనే మాటలు విని నాలుగు ముక్కలు నేర్చుకున్నా. కమ్... సిట్... క్యాచ్..."

నక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓసి నీ ఇంగ్లీషు తగలెయ్య! తప్పులు మాట్లాడితే దొరలకి చిర్రెత్తుకొస్తుందే. ఒక్క గుటకలో నిన్ను మింగేస్తారు!"

చుక్కమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. గొడ్ల చావిట్లో ముసలి ఎద్దు బసవయ్య ఇదంతా చూసింది.

"నా దగ్గర మాట్లాడవే అమ్మాయ్."

"నీకు ఇంగ్లీషు రాదుగా తాతా?"

"రాదు గనకే నువ్వేమన్నా నాకు ఒప్పే. కాడి కట్టిన కొత్తలో నేను బండిని రెండుసార్లు కాలవలో దింపాను. అలాగని బండి మానేశానా? ఊఁ, కానీ."

రోజూ మేతకి లేచినప్పుడు కాసేపు ఎద్దు ముందు నిలబడి చుక్కమ్మ మాట్లాడేది. తడబడేది, ఆగేది, మళ్లీ మొదలుపెట్టేది. అబ్బ, ఏం పట్టుదల దానిది! బసవయ్య నెమరేస్తూ తలూపేది.

పొదగడం మొదలెట్టిన ఇరవయ్యో రోజుకి మిగిలినవి నాలుగే గుడ్లు. లోపల కిచకిచలు వినబడుతున్నాయి. పట్టపగలే నక్క వచ్చి గంప ముందు నిలబడింది.

"దొరగారు చూస్తారట. లే, గుడ్లు ఇటివ్వు."

చుక్కమ్మకి అప్పుడు వెలిగింది దొంగెవరో. గంప మీద రెక్కలు చాచి, గొంతు చించుకుని అరిచింది.

"సార్! కమ్ సార్! ఫాక్స్ ఈట్ మై ఎగ్స్! ఎస్టర్డే ఈట్! టుడే ఆల్సో ఈట్! బేబీ ఇన్‌సైడ్! కమ్, క్యాచ్!"

నక్క అప్పుడే పారిపోతే పోయేది. పోలేదు. పగలబడి నవ్వుతూ అక్కడే నిలబడింది.

"ఇదొక ఇంగ్లీషా? నీ ముక్కలు ఎవరికర్థమవుతాయే! ఇది ఒక తప్పు, అది రెండు..."

మూడో తప్పు ఎంచేలోగా వెనకనుంచి బ్రూనో వచ్చి దాని తోక పట్టుకుంది. సగం తోక కుక్క నోట్లో వదిలేసి కంచె దూకిన నక్క, మళ్లీ ఆ తోట ఛాయలకు రాలేదు.

బ్రూనో గంప దగ్గరికి వచ్చింది. చుక్కమ్మ బిక్కచచ్చిపోయి, "సార్... మై ఇంగ్లీష్... సారీ" అంది.

ఆ దూడంత కుక్క చెవులు వాల్చి కూర్చుంది.

"నీ ఇంగ్లీష్ గుడ్. నా తెలుగు... సిగ్గు. రెండు నెల వింటా, కొంచెం నేర్చా. మాట లేదు. మీరు నవ్వు అని భయం."

చుక్కమ్మ కళ్లు చెమ్మగిల్లాయి. "ఇంత మనిషివి, నీకూ భయమేనా నాయనా! రోజూ రా, మాట్లాడుకుందాం. నేను నవ్వితే ఒట్టు."

మర్నాడు నాలుగు పిల్లలూ గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. అవి పుట్టి మొట్టమొదట విన్నది ఒక కుక్క తప్పుల తెలుగు, వాళ్లమ్మ తప్పుల ఇంగ్లీషు.

నీతి: తప్పుల్లేకుండా వచ్చాకే నోరు విప్పుదామని కూర్చుంటే, ఈలోగా గంప ఖాళీ అవుతుంది.